పాత చోటికే పోయే చెయ్యి

ఇంకా కదల్లేదు. ముందు ఒక బ్యాండు, దాని ముందు ఇంకో బ్యాండు, ఆ ముందు మరొకటి, అందరూ చక్రాల బళ్ళ మీద నూనె పీపాలతో చేసిన స్టీల్ పాన్‌లు ఎక్కించుకుని కార్నివాల్ సెమీఫైనల్ జరిగే సవానా మైదానం పక్కన దుమ్ము బాటలో ఎప్పటినుంచో వరస కట్టి నిలబడ్డారు, ఎండకి మాత్రం వరసతో పని లేదు, అందరి నెత్తి మీదా ఒకేసారి పడుతోంది. ఎస్లిన్ తన బండి రాటకి వీపు ఆనించి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని వాయిస్తోంది. తొడల మీద పాన్ లేదు, చేతుల్లో పుల్లలూ లేవు, అయినా వాయిస్తోంది, ఎందుకంటే ఆపమంటే వేళ్ళు ఆగడం లేదు. పాట మధ్యలో వచ్చే ఆ పరుగు ఒక్కటే, మళ్ళీ, మళ్ళీ. అంత పెద్ద బ్యాండూ అక్కడ ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది, వెనక ఇనుము కొట్టే వాళ్ళు కూడా ఆపేస్తారు, ముందు వరసలో ఉన్న, సన్నని గొంతు టెనర్ పాన్‌లు మాత్రం మెట్లెక్కినట్టు గబగబా పైకెక్కి చివర్న ఎఫ్ షార్ప్ స్వరం మీదికి దూకాలి. దూకాలంటే దూకాలి, వెతుక్కుంటూ వెళ్ళకూడదు. ఆ నిశ్శబ్దంలో తప్పు పడిందంటే జడ్జీలకే కాదు, స్టాండ్ వెనకాల మొక్కజొన్న సూప్ అమ్ముకునేవాడికి కూడా వినిపిస్తుంది. ముందు వరసకి లీడరు షెర్నెల్, ఎస్లిన్‌కి కూతురయ్యే వయసు, పొద్దున్నే పక్కకి పిలిచి చెప్పేసింది. "ఆంటీ, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఇవాళ ఆ ఎఫ్ షార్ప్ జారితే, మనం ఫైనల్‌కి వెళ్ళినా నువ్వు వెళ్ళవు. నీ చోట్లో ఇంకొకళ్ళని నిలబెడతాను. తర్వాత నాతో మాట్లాడకపోయినా సరే." సరేనమ్మా అంది ఎస్లిన్. అన్న దగ్గర్నుంచీ వేళ్ళు ఆగలేదు. ఏడేళ్ళప్పుడు పుల్లలు పట్టిన మనిషి, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది, ఇన్నేళ్ళలో ఒక్క ఫైనల్లో నిలబడలేదు, నాన్న బ్యాండు ఏనాడూ సెమీఫైనల్ దాటలేదు. ఒక్కసారి నిలబడాలని ఉంది. సిగ్గుపడాల్సిన కోరికేం కాదు గదా ఇది, అయినా ఎవరితోనూ పైకి అనలేదు.

జారడమంటే మరిచిపోవడం కాదు. అదే షెర్నెల్‌కి అర్థం కాదు, పాపం ఆ పిల్ల ఒక్క ఇంట్లోనే పుట్టి పెరిగింది. ఎఫ్ షార్ప్ ఎక్కడుందో ఎస్లిన్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. అవతలి అంచున, పొట్టకి దూరంగా, నట్టనడుమ. నోటిని అడిగితే నోరు చెప్తుంది, కంటిని అడిగితే కన్ను చూపిస్తుంది, చెయ్యి మాత్రం వాళ్ళిద్దర్నీ సంప్రదించదు. తన మానాన తను బయల్దేరి ఎడమవైపు, ఇవతలి అంచుకి, పొట్ట దగ్గరికి వచ్చేస్తుంది, నాన్న చేసిన పాన్ మీద ఎఫ్ షార్ప్ అక్కడుండేది గనక. ఒకప్పుడు శ్రుతి చేసే ప్రతివాడూ స్వరాల్ని తనకి తోచిన చోట కూచోబెట్టేవాడు, తర్వాత్తర్వాత అందరూ ఒక పద్ధతికి వచ్చారు, నాన్న థియోఫిలస్ మాత్రం రాలేదు. మిగతావన్నీ అందరిలాగే పెట్టి మూడు నాలుగింటిని మాత్రం తన చోట్లలోనే ఉంచాడు. "నా పీపా మీద నా స్వరాలు నాకిష్టమొచ్చినట్టు కూచుంటాయి, నచ్చనివాడు వేరే పీపా చూసుకోవచ్చు" అనేవాడు. చూసుకున్నారు. కొండమీది ఆ చిన్న బ్యాండులోంచి ఒక్కొక్కళ్ళే దిగిపోయారు, చివరికి తండ్రీ కూతురూ, ఇద్దరు ముసలాళ్ళూ మిగిలారు, ఆ తర్వాత షెడ్డుకి తాళం పడింది. ఆయన పంతానికి ఎంత కోపమొచ్చేదో ఆమెకి. ఆ మూడు స్వరాలూ అటు జరిపితే నీ సొమ్మేం పోయింది నాన్నా. ఇప్పుడా కోపం కూడా చెయ్యి చెప్పిన మాట విననట్టే వినకుండా, ఎప్పుడు పడితే అప్పుడు లేస్తుంది.

పక్క పాన్ బోయ్సీది. రంగేసిన జుట్టూ, పాన్ కంటే ముందు స్టేజి ఎక్కే పొట్టా. ఆమె బ్యాండులో చేరిన మొదటివారమే తప్పు విని పగలబడి నవ్వాడు. "మా వీధిలో ఒకడుండేవాడు ఎస్లీ, ఇల్లు మారి ఏడాదైనా, నాలుగు చుక్కలు గొంతులో పడితే కాళ్ళు పాతింటి గుమ్మంలోకే పోయేవి. ఆ ఇంటావిడ రోజూ చీపురు తీసేది. నీ చేతులు వాడికి చుట్టాలు." ఎగతాళే గానీ ఉన్నమాట. నాన్నకి స్ట్రోకు వచ్చాక కొండమీది ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ కింద ఫ్లాట్‌కి వచ్చారు, ఇప్పటికీ గదిలోకి అడుగుపెట్టగానే లైటు స్విచ్చి కోసం ఆమె చెయ్యి ఉత్త గోడని తడుముతుంది. ఆ గోడ మీద ఒక చోట మురికి మరక పడింది, అన్నిసార్లు తడిమింది మరి. మరక చూసినప్పుడల్లా అనుకుంటుంది, ఇక్కడ లేదు, తలుపుకి అటుపక్క ఉంది. మర్నాడు మళ్ళీ అక్కడే. అలాంటిదే స్టేజి మీద, ఆ నిశ్శబ్దంలో లేస్తే.

దాహంగా ఉంది. నీళ్ళ సీసా కాళ్ళ దగ్గరుంది. తీసుకోవాలి అనుకుంది, అనుకుని ఆగి చూసింది. ఇప్పుడు ఎవరు తీస్తారు, అనుకున్న క్షణానికీ చెయ్యి బయల్దేరిన క్షణానికీ మధ్య ఏముంది, ఒక్కసారైనా దాన్ని పట్టుకోవాలి. చెయ్యి తొడ మీదే ఉంది, తొడ మీదే ఉంది, ఆ తర్వాత చూస్తే సీసా చేతిలో ఉంది. మధ్యలో జరిగిందేదో ఎవరో తలుపు వేసుకుని చేసేశారు. సీసాని తాకక ముందే వేళ్ళు దాని లావుకి సరిపడా విచ్చుకున్నాయి, అది మాత్రం చూడగలిగింది. నిండా ఉందనుకుని బలంగా లేపినట్టుంది, సగమే ఉండటంతో సీసా ఎగిరొచ్చి గడ్డానికి కొట్టుకుంది. "సీసా మీద కూడా ఎఫ్ షార్ప్ వెతుకుతున్నావా" అన్నాడు బోయ్సీ. నవ్వాలో తిట్టాలో తెలియక నీళ్ళు తాగింది. నాన్నకి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది ఇదే. ఓపికున్న పిల్ల, చేతికి దీవుల ఆకారంలో పచ్చబొట్టు. "చెయ్యి బయల్దేరేలోపే తలలో దారంతా గీసేసి ఉంటుంది ఆంటీ. ఎంత దూరం, ఎంత బలం, వేళ్ళు ఎక్కడ విప్పాలి. వెనకాల చిన్న మెదడు కూచుని, అనుకున్నదీ అయిందీ ఒకటేనా అని సరిచూస్తూ ఉంటుంది, తేడా వస్తే సర్దుతుంది. తాతగారికి చేతిలో బలం పోలేదు. మనం చెప్పిన మాట నుంచి ఆ గీసేవాడి దగ్గరికి వెళ్ళే దారి తెగింది, అంతే." అంతే అంటే ఎంతో ఆ రోజు చూసింది. టాటా చెప్పండి తాతగారూ, అంటే ఆయన తన కుడిచేతిని, ఎవరో బస్సులో ఒళ్ళో పెట్టి దిగిపోయిన సామానులా చూశాడు. సుత్తి ఎలా పట్టుకుంటారో చూపించండి, అంటే ఆ చెయ్యి కొంచెం లేచి, చెవి దగ్గరికి పోయి, చెవిని ముట్టుకుని దిగిపోయింది. ఆయన కళ్ళు నిండాయి. జీవితమంతా సుత్తి పట్టిన చెయ్యి, నూనె పీపా అడుగును దెబ్బమీద దెబ్బ వేసి గిన్నెలా దించి, అందులో సన్నగా బుడిపెలు తీసి, ఒక్కో బుడిపెలో ఒక్కో స్వరం నిలబెట్టిన చెయ్యి. బయటికొచ్చి టాక్సీ కోసం కూచుంటే ముక్కు మీద ఈగ వాలింది, అదే చెయ్యి టక్కున లేచి ఒక్క దెబ్బతో తోలేసింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈగకి చేసిన మర్యాద నాకు చెయ్యవా నాన్నా. మర్నాడు అడిగితే ఆ అమ్మాయి అంది, "అడక్కండి ఆంటీ. మనం పిలిస్తే రాదు. పని పిలిస్తే వస్తుంది."

ఏ పని పిలుస్తుందో అని వెతికింది ఎస్లిన్, వెతకని చోటు లేదు. సుత్తి ముందు పెట్టింది, ఊరికే చూశాడు. పాత పాన్ తెచ్చి ఒళ్ళో పెట్టింది, రెండు చేతుల్తో అంచు పట్టుకుని చంటిపిల్లాడిలా దగ్గరికి తీసుకున్నాడు, వాయించే చోట వేలైనా వెయ్యలేదు. పక్కన కూచుని తనే వాయించేది, సాయంత్రం పూట, ఆయన నేర్పిన పాటలన్నీ, ఒక్క తప్పు లేకుండా, ఎలాగూ ఆ పాన్ మీద ఆమెకి తప్పెలా వస్తుంది. కళ్ళు మూసుకుని వినేవాడు. చెయ్యి కదిలేది కాదు. ఆ తర్వాత పెద్ద బ్యాండులో చేరింది, షెర్నెల్ ఒట్టు వేయించుకుంది, కార్నివాల్ అయ్యేదాకా ఆ పాత పీపా ముట్టుకోకు ఆంటీ, చెయ్యి రెండు పడవల్లో కాళ్ళు పెడుతోంది అని. ముట్టుకోలేదు. నాన్నకి సంగతి చెప్పనూ లేదు, ఏమని చెప్తుంది, వేరే పీపా చూసుకున్నాననా. ఆయన కాదనలేని స్థితిలో ఉన్నాడు కాబట్టే చేరావు కదే, అని లోపల ఎవరో అంటారు.

విజిల్ వేశారు, తోయమని. చుట్టూ ఉన్న అభిమానులంతా బళ్ళకి భుజాలు ఆనించారు, చక్రాలు కిర్రుమన్నాయి, బాట మీద దుమ్ము లేచింది, బ్యాండు ఎర్ర చొక్కాలన్నీ కాసేపట్లో గోధుమరంగుకి వచ్చాయి. నడుస్తూ తన అడుగులు చూసుకుంది. చూసుకోగానే తడబడింది. మెట్లు దిగుతూ ఏ కాలు ముందని ఆలోచించినవాడు దొర్లాడన్నట్టే, కానీ చూసుకోకుండా ఎలా ఉండటం, చూసుకోకపోతే చెయ్యి పాత చోటికి పోతుంది, చూసుకుంటే ఎక్కడికీ పోకుండా గాల్లో ఆగుతుంది, ఆగితే అప్పటికే అందరూ దూకేసి ఉంటారు. ఏడేళ్ళప్పుడు చూసుకోలేదు. నాన్న వెనక నిలబడేవాడు, ఆయన పొట్ట ఆమె వీపుకి తగిలేది, ఆమె రెండు మణికట్లూ తన చేతుల్లో పట్టుకుని పుల్లల్ని స్వరాల మీదికి తీసుకెళ్ళేవాడు. స్వరాల పేర్లు చెప్పేవాడు కాదు. పేరు చెప్తే తలకెక్కుతుంది, తల పొగరుబోతు, దానికి పని చెప్పకూడదు అనేవాడు. ఇక్కడ. ఇక్కడ. ఇక్కడ. ఆ ఒక్క మాటే. పట్టు గట్టిగా ఉండేది, బడిలో మణికట్ల మీద ఎర్రటి వాతలు చూసి ఎవరు కొట్టారే అని అడిగారు కూడా. ఆ ఎఫ్ షార్ప్ అలా వచ్చింది లోపలికి, మాటల్లోంచి రాలేదు, మరి మాటల్తో బయటికెలా పోతుంది. బండి ఆగింది. మళ్ళీ నిలబడటమే. తొడల మీద వేళ్ళు మొదలయ్యాయి.

"ఏమే ఎస్లీ." గొంతు విని ఉలిక్కిపడింది. ఉర్సులా అత్త, నాన్న చెల్లెలు, నెత్తిన చర్చి టోపీ, ముందు చక్రాల కుర్చీ, కుర్చీలో నాన్న, ఆయన ఒళ్ళో పాత పాన్. "బాట పొడుగునా తోసుకొచ్చాను, నడుం విరిగింది. ఇంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడు చెయ్యి వేస్తే ఒట్టు."

"ఈ ఎండలో ఎందుకు తెచ్చావత్తా?"

"నేను తేవడమేంటి, పొద్దుట్నుంచీ వీధివైపే చూస్తూ కూచుంటేనూ. ఆ పీపా దించమంటే దించడు. చెప్పకపోతే తెలీదనుకున్నావా? ఆ ఎర్ర చొక్కా ఉతికి ఆరేసింది ఆయన కిటికీ ముందేగా తల్లీ."

ఎస్లిన్ నాన్న మొహంలోకి చూడలేదు. చూడకుండా ఆయన టోపీ సరిచేసింది, నుదురు తుడిచింది, నీళ్ళు నోటికందించింది. ఆయన ఆమె చొక్కా మీద బొమ్మని చూశాడు, బళ్ళని చూశాడు, తళతళలాడే ఆ పాన్‌లన్నీ చూశాడు. ఆఁ అన్నాడు. స్ట్రోకు తర్వాత ఆయనకి మిగిలిన మాటల్లో అదొకటి, దానికి అర్థం మనమే వేసుకోవాలి. బోయ్సీ మాత్రం పొట్ట లోపలికి లాక్కుని వచ్చి వంగి నిలబడ్డాడు. "మాస్టారూ, నేను గుర్తున్నానా? చిన్నప్పుడు కొండెక్కి వస్తే, ఈ వేళ్ళు కొబ్బరికాయలు కొట్టడానికి పనికొస్తాయని తరిమేశారు." నాన్న పెదవి ఒకపక్కకి కదిలింది, నవ్వే. బోయ్సీకి హుషారొచ్చింది. "ఎస్లీ, ఊరికే నిలబడి ఏం చేస్తాం, మాస్టారి పాన్ మీద ఆ పరుగు ఒక్కసారి వాయించు. అక్కడైతే నీ చెయ్యి ఇంట్లోనే ఉంటుందిగా."

షెర్నెల్ ఒట్టు గుర్తొచ్చింది. అయినా, ఇంకొక్క గంటలో తేలిపోయేదానికి ఒట్టేంటి, ఒక్కసారి తప్పు రాని చోట వాయించి, ఈ వేళ్ళ ఆరాటం తీర్చుకుని వెళ్తే చాలు అనిపించింది. కుర్చీ వెనక నిలబడి, నాన్న భుజాల మీంచి రెండు చేతులూ ముందుకి చాపి, పుల్లలు పట్టుకుంది. ఒకప్పుడు ఆయన నిలబడినట్టే, తిరగేసి. ఆయన తల ఆమె గడ్డానికి తగిలింది. పరుగు మొదలైంది, మెట్లు ఎక్కింది, పైనుంచి దూకింది. ఠంగుమని ఏదో వేరే స్వరం. పాన్ శ్రుతి తప్పింది కాబోలు, ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు కదా. మళ్ళీ వాయించింది. మళ్ళీ అదే. అప్పుడు చూసుకుంది. చెయ్యి అవతలి అంచున ఉంది, పొట్టకి దూరంగా, నట్టనడుమ. "ఇల్లు మారిపోయావే" అని బోయ్సీ చప్పట్లు కొట్టాడు. షెర్నెల్ ఎక్కడినుంచి విందో పరుగెత్తుకొచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది. "చేతికి వచ్చేసింది ఆంటీ, చూశావా, నీకు చెప్పకుండానే వచ్చేసింది." ఇన్ని నెలలుగా కోరుకున్నది ఇదే. సంతోషం రావాలి. ఏడుపొచ్చింది. నాన్న చోటు ఈ భూమ్మీద ఇంకెవరి చేతిలోనూ లేదు, తన చేతిలో ఉండేది, ఇప్పుడు తన చేతిలోనూ లేదు. కాదు, ఉండే ఉంటుంది, లోపలెక్కడో ఉంటుంది, ఇంకొక్కసారి చూస్తాను అని మూడోసారి మొదలుపెట్టింది. మెట్లు ఎక్కింది, చెయ్యి మళ్ళీ అవతలి అంచుకే బయల్దేరింది, వెళ్ళలేకపోయింది. ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

నాన్న. కుడిచెయ్యి పాన్ అంచు వదిలి లేచి, దారిలో ఉన్న ఆమె చేతిని దారిలోనే పట్టుకుంది. మెత్తగా కాదు, వాతలు పడేట్టు. లాక్కొచ్చి ఎడమవైపు, తన పొట్ట దగ్గరి అంచు మీద పుల్లని దించింది. ఎఫ్ షార్ప్ పలికింది. "ఇక్కడ" అన్నాడు.

ఉర్సులా అత్త చేతిసంచీ కింద పడేసి ఊరుకుంది, తీసుకోలేదు. "నాన్నా, మళ్ళీ. మళ్ళీ చూపించు నాన్నా, ఎక్కడో చూపించు" అంది. అనగానే పట్టు వదులైంది. చెయ్యి పాన్ మీద వాలిపోయింది, ఆయన దాన్ని మళ్ళీ ఎవరిదో అన్నట్టు చూశాడు. అడిగింది. అడక్కూడదని తెలిసి కూడా అడిగింది. నాలుక కరుచుకుంది.

విజిల్. ఈసారి నిజంగా తమ వంతే. బళ్ళు ర్యాంపు ఎక్కుతున్నాయి, జెండా ఊపే ఆవిడ ముందు పరుగెత్తుతోంది, స్టాండ్లలోంచి హోరు. ఎడమవైపు కంచె దగ్గర అత్త టోపీ కనిపించింది, దాని కింద నాన్న కనపడలేదు, ఉన్నాడని తెలుసు. మణికట్టు మండుతోంది. ఇదొచ్చి పడింది ఇప్పుడు, పాత చోటు లేచి కూచుని ఉంటుంది లోపల, పట్టు తగిలితే లేవకుండా ఎలా ఉంటుంది, ఇప్పుడు ఎటు పోతుంది ఈ చెయ్యి, నాన్న పట్టిన చోటికా, షెర్నెల్ రుద్ది నేర్పిన చోటికా. ఇనుము మీద లెక్క పడింది, బ్యాండంతా ఒక్కసారి విరుచుకుపడింది, కాళ్ళ కింద చెక్కలు అదిరాయి, ఆలోచించకు, ఆలోచించకు అనుకోవడం కూడా ఆలోచనే, తల పొగరుబోతు, దానికి పని చెప్పకూడదు, అయితే దీన్నెక్కడికి పంపాలి, నాన్న దగ్గరికి పంపింది, కంచె దగ్గరికి, ఆ ఒళ్ళోకి. అంతలో నిశ్శబ్దం వచ్చింది, పరుగు వచ్చింది, ఆమె ఇంకా కంచె దగ్గరే ఉండగా చెయ్యి ఎవర్నీ అడక్కుండా బయల్దేరి అవతలి అంచు మీద దూకింది. ఎఫ్ షార్ప్. అందరిదీ ఒక్కటే గొంతు. బోయ్సీ పక్కనుంచి ఏదో అరిచాడు, బ్యాండు మళ్ళీ మీద పడింది.

తప్పలేదు. బ్యాండు ఫైనల్‌కి వెళ్తే ఆమె చోటు ఆమెదే. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, వాయిస్తూనే ఉంది, వాయిస్తూ ఉండగానే ఆ మాట తట్టింది. నెలల తరబడి పక్కన కూచుని ఒక్క తప్పు లేకుండా వాయించింది. అందుకే ఆ చెయ్యి లేవలేదు. తప్పు లేని చోట దానికేం పని. రేపు పొద్దున్నే ఆ కుర్చీ వెనక నిలబడుతుంది, పుల్లలు పట్టుకుంటుంది, ఏమీ అడగదు, చూపించమనదు. కావాలని తప్పు వాయించాల్సిన పని కూడా లేదు. చెయ్యి ఇల్లు మారింది కదా, ఇక ఆ పాన్ మీద తప్పు దానంతటదే వస్తుంది, వచ్చిన ప్రతిసారీ నాన్న లేచి మణికట్టు పట్టుకోవాల్సిందే.